1989 ఎఫ్-150, రెండు ట్యాంకుల బండి: ముందు ట్యాంకు మీద 20 నిమిషాలకే ఆగిపోతోంది, వెనక ట్యాంకు పొంగుతోంది

సెలీనా_శ్రీను | శనివారం, ఏప్రిల్ 12, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన సెలీనాలో ఉంటాం. ఊరి బయట ఆరెకరాలు, పదిహేను మేకలు. గడ్డి మోపులు, దాణా బస్తాలు తోలుకోడానికి పక్క పొలం పెద్దాయన దగ్గర 1989 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నాను. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, ఈఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో ఇంధనం చిమ్మే పద్ధతి), మాన్యువల్ గేరు, పొడుగు బెడ్ (వెనక సామాను వేసే తొట్టి). ట్యాంకులు రెండు. ముందుది డ్రైవరు వైపు ఛాసిస్ లోపల, వెనకది వెనక యాక్సిల్ అవతల. డ్యాష్‌బోర్డు మీద స్విచ్ మారిస్తే ఏ ట్యాంకు కావాలంటే అది.

సమస్య చెబుతాను. ముందు ట్యాంకు మీద బయల్దేరితే 20, 25 నిమిషాలు ఏ ఇబ్బందీ ఉండదు. తర్వాత మిట్ట ఎక్కేటప్పుడు కొట్టుకోవడం మొదలై, గుంజి గుంజి ఆగిపోతుంది. ఆగే ముందు నా సీటు కింద నుంచి ఈల లాంటి చప్పుడు వస్తుంది. అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్. ఆగకముందే వెనక ట్యాంకుకి మారిస్తే పది సెకన్లలో తేరుకుంటుంది. వెనక ట్యాంకు మీద ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఇంకో విషయం నన్ను బాగా భయపెట్టింది. పోయిన వారం రెండూ నింపి, ముందు ట్యాంకు మీదే షెర్మన్ వైపు వెళ్లాను. ముందు గేజ్ ముల్లు మామూలు కంటే త్వరగా పడిపోయింది. దిగి చూస్తే వెనక ట్యాంకు మూత దగ్గర్నుంచి గ్యాస్ (పెట్రోలు) కారుతోంది. అప్పుడు వెనక సీటులో మా అబ్బాయి ఉన్నాడు.

ఇప్పటిదాకా ఫిల్టరు మార్చాను, ఫ్రేమ్ మీద ఉండే పంపు కొత్తది వేశాను. రెండూ వేశాక కూడా అదే తీరు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఓరుగల్లు_రవి | శనివారం, ఉదయం 8:15

శీనన్నా, గిసొంటి లొల్లే నా 88 బండికి గూడ అయింది. నేనైతే ఒక్కసారే అన్నీ మార్చిన. రెండు ట్యాంకుల పంపులు, రిలే, ప్రెషర్ రెగ్యులేటర్, ఇంజెక్టర్లు. పైసలైతయి గని మళ్ల రంది ఉండది. ఫ్రేమ్ మీద నువ్వు ఏసిన పంపు ఏ రకంది? కొత్తది గూడ ఒక్కోసారి ఖరాబే వస్తది. ఇంకోటి తెప్పియ్యి.

ఆటోనగర్_బాషా | శనివారం, ఉదయం 9:50

శ్రీను గారూ, ఇంకో డాలరు ఖర్చు పెట్టకముందు కాసేపు ఆగండి. మాది బెజవాడ ఆటోనగర్. నాన్నకి లారీల షెడ్డు ఉండేది. నేను ఇక్కడ హ్యూస్టన్ పక్కన కేటీలో ఇదే పనిలో ఉన్నాను. మీ తరం ఫోర్డు బళ్లు చాలానే నా చేతుల మీదుగా వెళ్లాయి. ముందు ఈ బండిలో పెట్రోలు ఎలా తిరుగుతుందో చూడాలి. మీరంతా గ్యాస్ అంటారు, నాకు పెట్రోలనే నోరు తిరుగుతుంది.

1987 నుంచి 89 దాకా వచ్చిన ఈ ఈఎఫ్ఐ బళ్లలో పంపులు మూడు. ప్రతి ట్యాంకులో ఒక చిన్న పంపు ఉంటుంది. అది తక్కువ ప్రెషర్‌తో పెట్రోలు తోడి బయటికి పంపుతుంది, అంతవరకే దాని పని. అక్కణ్ణుంచి ఫ్రేమ్ మీద ఒక డబ్బాలోకి వస్తుంది. దాని పేరు డ్యూయల్ ఫంక్షన్ రిజర్వాయర్, డీఎఫ్ఆర్ అంటాం. కాస్త పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంచుతుంది, ఏ ట్యాంకు నుంచి తీసుకోవాలో, మిగిలింది ఏ ట్యాంకుకి తిరిగి పంపాలో అదే చూసుకుంటుంది. డీఎఫ్ఆర్ తర్వాత మీరు మార్చిన పెద్ద పంపు. మీ 4.9 ఇంజినుకి నడుస్తున్నప్పుడు 45 నుంచి 60 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) ఉండాలి. 5.0 బళ్లకి ఇంతకంటే తక్కువ, 30 నుంచి 45. వాళ్ల అంకెలు చూసి మీరు కంగారు పడొద్దు. ఇంజెక్టర్లు వాడుకోగా మిగిలిందంతా రెగ్యులేటర్ దాటి రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. తోడిన దానిలో ఎక్కువ భాగం ఇలా తిరిగొచ్చేదే.

ఇక్కడ చాలామంది తప్పుగా అనుకునేది ఒకటుంది. మీ స్విచ్ చేసేవి రెండే పనులు. ఏ ట్యాంకు పంపుకి కరెంటు ఇవ్వాలి, గేజ్‌కి ఏ ట్యాంకు మట్టం చూపించాలి. డీఎఫ్ఆర్‌కి వైరే ఉండదు. ట్యాంకు పంపు తోసే ప్రెషర్‌కే దాని లోపల అటూ ఇటూ కదిలే ముక్క, అంటే షటిల్, ఆ వైపుకి జరుగుతుంది. ఆ పంపు నీరసపడితే షటిల్ పూర్తిగా జరగదు. మధ్యలో నిలిస్తే తీసుకునేది ఒక ట్యాంకు నుంచి, తిరిగిచ్చేది ఇంకో ట్యాంకుకి. మీ ముందు గేజ్ త్వరగా పడిపోవడానికీ వెనకది పొంగడానికీ కారణం ఇదే అయ్యుండాలి.

రెండు ట్యాంకుల బండిలో ఒక సుఖం ఉంది. సగం పరీక్ష స్విచ్చే చేసిపెడుతుంది. ట్యాంకు మార్చినా పోని జబ్బు రెండిటికీ ఉమ్మడి భాగాల్లో ఉంటుంది. రిలే, ఇనర్షియా స్విచ్ (బండి గుద్దుకుంటే పంపులు ఆపేసేది), పెద్ద పంపు, ఫిల్టరు, రెగ్యులేటర్, ఇంజెక్టర్లు అన్నీ ఉమ్మడివే. మీ బండి వెనక ట్యాంకు మీద ఎంత దూరమైనా నడుస్తోంది కదా, అంటే అవన్నీ బాగున్నట్టే. మీరు మార్చిన పంపు కూడా పోయి ఉండదు, పాతది దాచిపెట్టుకోండి. తప్పు ముందు ట్యాంకు నుంచి డీఎఫ్ఆర్ దాకా ఉన్న దారిలోనే ఉంది.

తేలేదాకా మాత్రం వెనక ట్యాంకు మీదే నడపండి, దాన్ని సగానికి మించి నింపొద్దు. పెట్రోలు కారే బండిలో పిల్లల్ని ఎక్కించొద్దు.

సీమబిడ్డ | శనివారం, ఉదయం 11:05

బాషాన్న చెప్పింది నిజమే. నేను ఫీనిక్స్‌లో ఉండాను. నా బండి గూడా ఇట్లే నిలబడేది, వేపర్ లాక్ (పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడేది) అని ఇక్కడి మెకానిక్కులు పైపుల చుట్టూ గుడ్డలు చుట్టిరి. శ్రీనన్నా, ఆగిపోయే రోజు ఎండ ఎట్లుంటుంది? చల్లగా ఉన్న పొద్దున ముందు ట్యాంకు మీద తీసి చూసినావా?

సెలీనా_శ్రీను | శనివారం, మధ్యాహ్నం 1:20

బాషా భాయ్, ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. డీఎఫ్ఆర్‌కి వైరు లేదన్నది చదివి ఇప్పుడే బండి కిందికి దూరి చూశాను. నిజంగానే లేదు.

సీమబిడ్డ అన్నా, ఫిబ్రవరిలో చలి రోజుల్లో ఒకసారి 50 నిమిషాలు నడిచింది. ఎండ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే 20 నిమిషాలే.

ఆటోనగర్_బాషా | శనివారం, మధ్యాహ్నం 2:00

సీమబిడ్డ గారు మంచి ప్రశ్న అడిగారు. వేపర్ లాక్ నిజమే, అయితే దాని వెనక ఇంకో కారణం ఉంటుంది. ఆటోనగర్‌లో లారీ ఆగితే ఎయిర్ పట్టింది అంటాం, హ్యాండ్ ప్రైమర్ కొట్టి గాలి తీసేస్తాం. అక్కడ డీజిల్ పైపులోకి బయటి గాలి దూరుతుంది. ఇక్కడ గాలి దూరదు, పెట్రోలే పైపులో ఉడికి ఆవిరవుతుంది. చిన్న పంపు వెనక నుంచి తోస్తుంటే పెద్ద పంపుకి నిండుగా అందుతుంది. చిన్న పంపు తోయకపోతే పెద్దది పీల్చుకోవాలి. పీల్చేచోట ప్రెషర్ పడిపోయి తక్కువ వేడికే పెట్రోలు ఉడుకుతుంది. మీరు విన్న ఈల ఆ బుడగలు పంపులో నలిగే చప్పుడే. అదే కొనసాగితే కొత్త పంపు కూడా పాడవుతుంది. పైగా ఏప్రిల్‌లో బంకుల్లో ఇంకా శీతాకాలపు మిశ్రమం మిగిలి ఉండొచ్చు. అది ఇంకా త్వరగా ఆవిరవుతుంది.

రేపు వీలైతే ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే గొట్టం) మీది వాల్వుకి ప్రెషర్ గేజ్ తగిలించండి. టైరు వాల్వు లాగే ఉంటుంది. పెద్ద పార్టుల షాపుల్లో డిపాజిట్ కట్టి అద్దెకి తెచ్చుకోవచ్చు. రెండు ట్యాంకుల మీదా చూసి అంకెలు రాయండి. రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు ఒకసారి ఊడదీసి వాసన కూడా చూడండి. అందులో తడి పెట్రోలు ఉంటే లోపలి పొర చిరిగినట్టు.

సెలీనా_శ్రీను | ఆదివారం, ఏప్రిల్ 13, సాయంత్రం 5:30

చూశాను. అంకెలు ఇవి.

వెనక ట్యాంకు: స్టార్ట్ చేయగానే 52. నలభై నిమిషాలు బండి నిలబెట్టి నడిపినా 50 నుంచి 52 మధ్యే ఉంది.

ముందు ట్యాంకు: మొదట 50. పదిహేనో నిమిషానికి 44. ఇరవై రెండో నిమిషానికి 30కి పడి ముల్లు వణకడం మొదలైంది. వెంటనే స్విచ్ వెనక్కి మార్చాను, పది సెకన్లలో మళ్లీ 51.

రెగ్యులేటర్ పైపు పొడిగానే ఉంది.

లలిత_తుల్సా | ఆదివారం, సాయంత్రం 6:45

శ్రీను గారూ, నేను ఎలక్ట్రికల్ మనిషిని. మా ఇంట్లో 1988 ఎఫ్-150 ఉంది, మా నాన్నగారు అమెరికా వచ్చినప్పుడల్లా దానితోనే తోటపని చేయించేవారు. ఆయన పోయాక దాన్ని నేనే చూసుకుంటున్నాను.

ముందు పంపు బలహీనం అని తేలింది కదా, అది పంపు తప్పా లేక దానికి కరెంటు సరిగ్గా అందక అలా ఉందా అన్నది బెడ్ ఎత్తకముందే తేల్చుకోవచ్చు. ముప్ఫై ఆరేళ్ల బండిలో గ్రౌండు వైర్లే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. బ్యాటరీకి ఛార్జరు పెట్టి, తాళం ఆన్‌లో ఉంచి, పంపు తిరుగుతున్నప్పుడే కొలవాలి. పంపు తిరగకుండా కొలిస్తే తుప్పు పట్టిన వైరు కూడా 12 చూపిస్తుంది, మోసపోతాం.

పంపు ఆపకుండా తిరగాలంటే బానెట్ కింద డ్రైవరు వైపు ఉండే సెల్ఫ్ టెస్ట్ కనెక్టరులో పంపు పిన్నుని గ్రౌండుకి కలపాలి. లేకపోతే తాళం తిప్పాక రెండు సెకన్లే తిరిగి ఆగిపోతుంది. ట్యాంకు దగ్గరి కనెక్టరులో మొదట పంపు రెండు వైర్ల మధ్య కొలవండి. తర్వాత నల్ల వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. ఆ రెండో అంకె సున్నాకి దగ్గరగా ఉండాలి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఈ పనులేవీ ఇంటి గరాజులో చేయకండి. మన ఇళ్లలో చాలావాటికి గ్యాస్ వాటర్ హీటరు గరాజులోనే ఉంటుంది, దానిలో మంట ఉంటుంది. పెట్రోలు ఆవిరి నేల మీద పాకుతూ అక్కడిదాకా వెళ్తుంది. ఆరుబయట చేయండి, ఎల్ఈడీ లైటు వాడండి, మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకోండి. బల్బు లైటు కిందపడి పగిలితే ఆ ఒక్క నిప్పురవ్వ చాలు.

ఓరుగల్లు_రవి | ఆదివారం, రాత్రి 8:10

లలితక్కా, గీ ముచ్చట నాకెవ్వలు చెప్పలే. నేను గరాజులనే చేసిన అప్పుడు. పిల్లలు పక్కనే ఆడుకుంటుండె. ఇప్పుడు తలుచుకుంటే గుండె దడ్డుమంటున్నది.

సెలీనా_శ్రీను | శనివారం, ఏప్రిల్ 19, ఉదయం 10:30

లలిత గారూ, మీరు చెప్పినట్టే పొలంలో పెట్టి కొలిచాను.

వెనక పంపు: 12.1. ముందు పంపు: 9.2. ముందు పంపు నల్ల వైరు నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 2.6 వోల్టులు.

ఆ వైరు ఫ్రేమ్‌కి బిగించిన చోటు వెతికి పట్టుకున్నాను. బోల్టు తలంతా తుప్పు. విప్పి, ఇనప బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్ వేసి బిగించాను. ఇప్పుడు 11.8. నిన్న సాయంత్రం ముందు ట్యాంకు మీద 40 నిమిషాలు నడిచింది!

ఓరుగల్లు_రవి | శనివారం, ఉదయం 10:55

అరె, గ్రౌండు వైరేనా! అయితే అయిపోయినట్టే కదా అన్నా.

ఆటోనగర్_బాషా | శనివారం, ఉదయం 11:40

ఇంకా అవ్వలేదు రవి గారూ. శ్రీను గారూ, 40 నిమిషాల తర్వాత ఏమైంది? వెనక గేజ్ కదిలిందా?

సెలీనా_శ్రీను | శనివారం, ఉదయం 11:58

నలభై నిమిషాల తర్వాత మళ్లీ కొట్టుకుంది. వెనక గేజ్ సగం దగ్గరే ఉంది, కదల్లేదు. అయితే ఆ గేజ్ నేను బండి కొన్నప్పటి నుంచీ అక్కడే ఉంది, దాన్ని నమ్మలేను. కర్ర పెట్టి చూడ్డానికీ లేదు, నింపే గొట్టం వంకరగా ఉంది.

ఆటోనగర్_బాషా | శనివారం, మధ్యాహ్నం 12:30

అయితే గేజ్‌ని పక్కన పెట్టి సీసాతో కొలుద్దాం. నాన్న ఎప్పుడూ ఇలాగే చేసేవారు. దీనికి రెండు పరీక్షలు.

మొదటిది: డీఎఫ్ఆర్‌లోకి ముందు ట్యాంకు నుంచి వచ్చే పైపు విప్పి, పెట్రోలుకి పనికొచ్చే డబ్బాలో పెట్టండి. లలిత గారు చెప్పిన పిన్ను కలిపి 30 సెకన్లు పంపు తిప్పండి. తర్వాత వెనక పైపుతో అలాగే. రెండూ పోల్చండి. అంతకుముందే పెద్ద పంపు కనెక్టరు ఊడదీయడం మర్చిపోవద్దు. అది పొడిగా తిరిగితే పాడైపోతుంది, పెట్రోలే దానికి చలవ.

రెండోది: పైపులన్నీ తిరిగి పెట్టేసి, పెద్ద పంపు కలపండి. డీఎఫ్ఆర్ నుంచి వెనక ట్యాంకుకి పోయే రిటర్న్ పైపు ఒక్కటే విప్పి డబ్బాలో పెట్టండి. స్విచ్ ముందు ట్యాంకు మీద ఉంచి, ఇంజిను ఆపి, పంపులు తిప్పండి. షటిల్ సరిగ్గా కూర్చుంటే ఆ పైపు నుంచి చుక్క రాకూడదు.

ఏ పైపు విప్పేముందైనా రెయిల్ మీది వాల్వు దగ్గర గుడ్డ పెట్టి ప్రెషర్ వదలండి. కళ్లద్దాలు పెట్టుకోండి. ఆ స్ప్రింగ్ లాక్ జాయింట్లకి ప్లాస్టిక్ రింగు పనిముట్టు దొరుకుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే జాయింటు పాడై, కొత్త పైపు వెతుక్కోవాల్సొస్తుంది.

సెలీనా_శ్రీను | ఆదివారం, ఏప్రిల్ 20, మధ్యాహ్నం 3:15

బాషా భాయ్, మీరు అనుకున్నదే తేలింది.

మొదటి పరీక్ష: వెనక పంపు 30 సెకన్లలో లీటరు డబ్బా నింపేసింది. ముందు పంపుకి పావు లీటరు కూడా రాలేదు, అదీ ఆగి ఆగి వచ్చింది.

రెండో పరీక్ష: స్విచ్ ముందు ట్యాంకు మీదే ఉంది. వెనక రిటర్న్ పైపులోంచి మాత్రం కుళాయి తిప్పినట్టు వచ్చింది. ఇన్నాళ్లూ షెర్మన్ దారిలో రోడ్డు మీద కారింది ఇదన్నమాట.

సీమబిడ్డ | ఆదివారం, సాయంత్రం 4:00

ట్యాంకు దించుతావా, బెడ్ ఎత్తుతావా శ్రీనన్నా? నాది నేను జాక్ పెట్టి ట్యాంకు దించినాను. నడుము పట్టుకొని వారం మంచం దిగలేదు. నలుగురు మనుషులు దొరికితే బెడ్ ఎత్తేదే మేలు. రెండు ట్యాంకులూ పై నుంచి కనపడతాయి. బోల్టులకి ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టిపెట్టు. ఎత్తే ముందు టెయిల్ లైట్ల కనెక్టరు, నింపే గొట్టాల స్క్రూలు, గ్రౌండు వైరు విప్పేది మర్చిపోవద్దప్పా.

ఓరుగల్లు_రవి | ఆదివారం, సాయంత్రం 4:20

నేను ఫ్రిస్కోలనే ఉంట. శనివారం వస్త, ఇంకిద్దర్ని తోల్కొస్త. పంపు మాత్రం తెరిచి చూసినంకనే కొను అన్నా, ముందుగాల వద్దు.

ఆటోనగర్_బాషా | ఆదివారం, సాయంత్రం 5:10

రవి గారూ, మంచి మాట చెప్పారు. శ్రీను గారూ, ట్యాంకు మీది లాక్ రింగు తిప్పడానికి ఇత్తడి కడ్డీ వాడండి, ఇనుముతో కొడితే నిప్పురవ్వ వస్తుంది. తీసేముందు ఆ చుట్టూ దుమ్ము ఊదేయండి, లోపల పడితే పంపు అడుగున పెట్రోలు వడకట్టే జల్లెడ పూడుకుపోతుంది. రబ్బరు ఓ-రింగు మాత్రం కొత్తది ముందే తెచ్చిపెట్టుకోండి.

సెలీనా_శ్రీను | శనివారం, ఏప్రిల్ 26, రాత్రి 9:00

రవి అన్న, ఆయన స్నేహితులు ఇద్దరు, మా పక్క పొలం పెద్దాయన. ఐదుగురం కలిసి పదకొండు గంటలకల్లా బెడ్ ఎత్తి పక్కన చెక్క దిమ్మల మీద పెట్టేశాం. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం పొలానికే తెచ్చింది. పెద్దాయన పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నారు.

ముందు ట్యాంకు తెరిచాం. పంపు బాగానే ఉంది, నేరుగా బ్యాటరీకి పెడితే చక్కగా తిరిగింది. తప్పు దాని పైన ఉంది. పంపునీ పై గొట్టాన్నీ కలిపే రెండంగుళాల రబ్బరు పైపు నిలువునా చీలిపోయింది, వేలితో నొక్కితే జిగట జిగటగా ఊడొస్తోంది. పంపు తోడిందంతా ఆ చీలికలోంచి మళ్లీ ట్యాంకులోకే పోతోంది. కింద జల్లెడ సంచి నల్లగా, తారు పూసినట్టుంది.

పెద్దాయన చెప్పారు, పదేళ్ల కిందట ఆ పంపు ఆయనే మార్చారట. షెడ్డులో ఉన్న మామూలు ఫ్యూయల్ హోస్ ముక్క వేశారట. చాలా నొచ్చుకున్నారు. మీరు అప్పుడు బాగుచేయబట్టే బండి నాదాకా వచ్చిందని చెప్పాను.

లలిత_తుల్సా | శనివారం, రాత్రి 9:40

ఆ పైపు విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. మామూలు ఫ్యూయల్ హోస్ లోపలి నుంచి మాత్రమే పెట్రోలు తగిలేలా చేసినది. పూర్తిగా మునిగి ఉండే చోట దాని పైపొర నాని ఉబ్బి చీలిపోతుంది. ట్యాంకు లోపలికి ఎస్ఏఈ 30ఆర్10 అని ముద్ర ఉన్నదే వేయాలి. 30ఆర్9 బయట వాడుకోడానికి మంచిదే, లోపల పనికిరాదు. ఆర్10 ఖరీదెక్కువ, అడుగు ముక్కకే ఇరవై డాలర్ల పైన పెట్టాల్సొస్తుంది. దాని దగ్గర పొదుపు చేయకండి. క్లాంపులు కూడా గీతల పట్టీ రకం వద్దు, అవి పైపుని కోసేస్తాయి. నున్నని అంచు ఉన్నవి తీసుకోండి.

ఆటోనగర్_బాషా | శనివారం, రాత్రి 10:15

చాలా సంతోషం. ఇంకో పని మిగిలింది. ఆ నల్లటి ముద్ద కొంత డీఎఫ్ఆర్‌లోకి కూడా వెళ్లుంటుంది. బెడ్ లేనప్పుడే దాన్నీ తీయండి. కింది గిన్నె విప్పితే లోపల ఫిల్టరు ఉంటుంది. షటిల్ వైపు పైపుల్లోంచి కార్బురేటర్ క్లీనర్ కొట్టి, సైకిలు పంపు గాలితో ఇటూ అటూ ఊదండి. టక్ టక్ మని జరగడం వినిపించాలి. కంప్రెసరు గాలి వద్దు, లోపలి సీళ్లు ఎగిరిపోతాయి. ఆ భాగం కొత్తది దొరకడం కష్టం, జాగ్రత్తగా చేయండి.

ఒకవేళ కదలకపోతే పొలాక్ ఆరు దారుల మోటారు వాల్వు పెట్టుకోవచ్చు. దానికి వైరింగు వేయాలి, పైపులు మార్చాలి, పని పెద్దది. అది ఆఖరి దారి.

సీమబిడ్డ | ఆదివారం, ఏప్రిల్ 27, ఉదయం 6:30

మా ఊర్లో ఒకాయన ఈ బాధంతా ఎందుకని ముందు ట్యాంకు పీకేసి ఒక్కదాంతోనే నడుపుతాండాడు. శ్రీనన్నకి గూడా ఆ సలహా చెప్పే వాళ్లుంటారు. నాకైతే మనసొప్పదు. రెండూ కలిపితే సుమారు 35 గ్యాలన్లు. ఎడారిలో నూరు మైళ్లు బంకు లేని దారుల్లో ఆ రెండో ట్యాంకే నాకు ధైర్యం. 1997లో కొత్త బాడీ ఎఫ్-150 వచ్చినప్పుడు రెండు ట్యాంకులు తీసేసినారు. ఉన్నవాళ్లం నిలుపుకోవాల.

సెలీనా_శ్రీను | ఆదివారం, సాయంత్రం 6:20

డీఎఫ్ఆర్ తీశాను. గిన్నెలో చెంచాడు నల్లటి బురద. ఫిల్టరు మార్చాను. షటిల్ మొదట కదల్లేదు. క్లీనర్ కొట్టి, అరగంట నానబెట్టి, మళ్లీ ఊదాను. నాలుగోసారికి టక్కుమని జరిగింది. ఆ చప్పుడు వినగానే మా అబ్బాయి ఎగిరి గంతేశాడు, వాడే సైకిలు పంపు కొట్టాడు. తర్వాత ఇరవైసార్లు అటూ ఇటూ జరిపాం. ముందు ట్యాంకుకి ఆర్10 పైపు, కొత్త జల్లెడ, ఓ-రింగు వేశాను. వెనక ట్యాంకు కూడా తెరిచి అదే పైపు మార్చేశాను. దానిది ఇంకా చీలలేదు, మెత్తబడింది.

రిటర్న్ పరీక్ష మళ్లీ చేశాను. స్విచ్ ముందు ట్యాంకు మీద ఉంటే వెనక రిటర్న్ పొడి. వెనక్కి మారిస్తే ధార.

సెలీనా_శ్రీను | ఆదివారం, మే 4, సాయంత్రం 7:45

నిన్న ఎండ బాగా ఉంది. ముందు ట్యాంకు ఒక్కదాని మీదే షెర్మన్ వెళ్లి వచ్చాను, మధ్యలో ఎక్కడా ఆపలేదు, గంటా పది నిమిషాలు. ఇంటికొచ్చి ప్రెషర్ గేజ్ పెడితే 50. ఈల చప్పుడు లేదు. వెనక మూత చుట్టూ తెల్ల కాగితం కట్టి వెళ్లాను, తడవలేదు.

వెనక గేజ్ ముల్లు మాత్రం ఇంకా సగం దగ్గరే. సెండరు (ట్యాంకులో మట్టం కొలిచి గేజ్‌కి చెప్పే భాగం) ఓములు కొలిస్తే ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు కూడా 80 దగ్గర చూపిస్తోంది.

లలిత_తుల్సా | ఆదివారం, రాత్రి 8:20

1987 నుంచి ఈ బళ్లకి ఖాళీకి 16, నిండుకి 158 ఓములు. 80 దగ్గరే నిలిచిందంటే ఫ్లోటు చెయ్యి ఎక్కడో ఇరుక్కుంది, లేదా లోపలి తీగ అరిగింది. అది ప్రమాదం కాదు, మళ్లీ బెడ్ ఎత్తినప్పుడు చూసుకోండి. అప్పటిదాకా మైళ్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

పాతబండి94 | సోమవారం, మే 5, ఉదయం 6:50

అందరికీ నమస్తే, కొత్త సభ్యుణ్ణి. మొత్తం చదివాను. నాది 1994 ఎఫ్-150, 5.0 ఇంజిను. నాకూ వెనక ట్యాంకు మీద నడిపితే ముందుది పొంగుతోంది. నేను కూడా డీఎఫ్ఆర్ తీసి శుభ్రం చేయాలా? ఫ్రేమ్ మీద ఎంత వెతికినా కనపడలేదు.

ఆటోనగర్_బాషా | సోమవారం, ఉదయం 7:35

తమ్ముడూ, నీ బండిలో అది ఉండదు, వెతకొద్దు. 1990 నుంచి పద్ధతి మార్చారు. ఫ్రేమ్ మీద పెద్ద పంపు తీసేసి, ఒక్కో ట్యాంకులో ఒక్కో మాడ్యూల్ పెట్టారు. ఎక్కువ ప్రెషర్ పంపు, దారి మార్చే వాల్వు అన్నీ దానిలోనే ఉంటాయి. వాడని ట్యాంకు మాడ్యూల్లో వాల్వు మూసుకోకపోతే రిటర్న్ అందులోకి దూరుతుంది. కాబట్టి నీ విషయంలో ముందుగా అనుమానించాల్సింది పొంగుతున్న ముందు ట్యాంకు మాడ్యూల్‌నే. అప్పటిదాకా రెండు ట్యాంకులూ సగానికి మించి నింపొద్దు.

మాడ్యూల్ కొనేముందు రెండు ట్యాంకుల మీదా రెయిల్ ప్రెషర్ కొలువు. నీ 5.0కి 30 నుంచి 45 మధ్య ఉండాలి. తర్వాత వెనక దాని మీద ఇరవై మైళ్లు నడిపి, ముందూ తర్వాతా రెండు గేజ్‌ల ముళ్లు ఎక్కడున్నాయో రాసిపెట్టు. విడిగా ఒక చర్చ మొదలుపెట్టి ఆ అంకెలు అక్కడ వెయ్యి, చూద్దాం.

పాతబండి94 | సోమవారం, ఉదయం 7:50

సరే అన్నా. నేను మెకిన్నీలో ఉంటాను. ఇక్కడ అద్దెకి గేజ్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంటాను.

సెలీనా_శ్రీను | సోమవారం, ఉదయం 8:05

మెకిన్నీ అయితే మాకు అరగంట దూరమే. అద్దె గేజ్ తిరిగిచ్చేసి నేను ఒకటి సొంతంగా కొనుక్కున్నాను, ఖాళీగానే ఉంది. శనివారం పొద్దున్నే బండి తీసుకుని పొలానికి వచ్చేయండి, ఇక్కడే ఆరుబయట కొలుద్దాం. వచ్చేటప్పుడు ముందు ట్యాంకు నింపకండి.